బొమ్మ చవకైంది, పోస్టర్ కాదు

పండగ రోజుల్లో మన ఊళ్ల సెంటర్లలో కట్టే ఫ్లెక్సీలను రెండుమూడేళ్లుగా గమనిస్తున్నవాళ్లకు ఒక మార్పు తెలుస్తూనే ఉంటుంది. దేవుడి వెనక మబ్బులు బంగారు కాంతితో మెరుస్తుంటాయి. నాయకుడి పక్కన సింహం నడిచి వస్తుంటుంది. ముఖాలన్నీ నూనె రాసినట్టు నున్నగా ఉంటాయి. ఈ బొమ్మలు ఎవరో గీసినవి కావు, ఫొటో తీసినవీ కావు. ఒకటి రెండు వాక్యాలు టైపు చేస్తే ఏఐ తయారు చేసి ఇచ్చినవి. కాలేజీ వార్షికోత్సవం, నాటక పోటీలు, పుస్తకావిష్కరణ, రక్తదాన శిబిరం, చిన్న సినిమా ఫస్ట్ లుక్... అన్నిటికీ ఇప్పుడు ఇదే దగ్గరి దారి అయింది.

దీని మీద రెండు వాదనలు గట్టిగా వినిపిస్తున్నాయి. చేతిలో డబ్బులేని చిన్న సంస్థకు కూడా ఆకర్షణీయమైన పోస్టర్ అందుబాటులోకి వచ్చిందని కొందరు సంతోషిస్తున్నారు. లక్షల మంది చిత్రకారుల పనిని అడగకుండా తీసుకుని, చివరికి వాళ్ల పొట్టే కొడుతున్నారని మరికొందరు మండిపడుతున్నారు. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే ఇద్దరూ పోస్టర్ అంటే బొమ్మే అనుకుని మాట్లాడుతున్నారు. పోస్టర్‌లో బొమ్మ ఒక భాగం మాత్రమే. అక్షరం, అమరిక, అచ్చు, చెప్పే సంగతిలోని నిజం, దానికి జవాబుదారీగా నిలబడే మనిషి, ఇవన్నీ కూడితేనే పోస్టర్. ఏఐ వీటిలో ఒక్కదాన్ని చవక చేసింది. మిగతావాటి ఖరీదు తగ్గలేదు సరికదా, కొన్నిటికి పెరిగింది. ఈ సంగతిని ఒక్కో అంశం తీసుకుని చూద్దాం.

రాతి అచ్చు నుంచి ఫ్లెక్సీ దాకా

రంగుల పోస్టర్‌కు పునాది రాతి అచ్చు. 18వ శతాబ్దం చివర్లో అలోయిస్ సెనెఫెల్డర్ జర్మన్ నేల మీద దాన్ని కనిపెట్టాడు. సున్నపురాయి మీద జిడ్డు సిరాతో గీసి, నీటికీ జిడ్డుకూ పొసగదన్న ఒక్క సూత్రంతో కాగితం మీదికి దింపే పద్ధతి అది. 19వ శతాబ్దం రెండో సగంలో జూల్ షెరె పారిస్ వీధి గోడలను రంగుల పోస్టర్లతో నింపాడు. 1891లో తులూజ్ లోత్రెక్ మూలాన్ రూజ్ నాట్యశాలకు వేసిన పోస్టర్‌తో ఈ వీధి సరుకును కళగా చూడటం బాగా పెరిగింది. ఆ పోస్టర్‌లో అక్షరాలు కూడా చేత్తో గీసినవే. బొమ్మనూ అక్షరాన్నీ విడదీసి చూడటం ఆ తరానికి అలవాటు లేదు.

మన దేశంలో రాజా రవివర్మ 1894లో బొంబాయిలో లిథో ప్రెస్ పెట్టాడు. అంతవరకు సంస్థానాల గోడలకే పరిమితమైన ఆయన లక్ష్మీ సరస్వతుల చిత్రాలు సామాన్యుల ఇళ్లలోకి వచ్చాయి. తరవాత శివకాశి అచ్చు క్యాలెండర్ల రూపంలో ఆ పనిని దక్షిణాదంతా కొనసాగించింది. తెలుగు సినిమా పోస్టర్‌కు బాపు ఒక ఒరవడి పెట్టారు. ఈశ్వర్ 'సాక్షి' సినిమాతో మొదలుపెట్టి దశాబ్దాల పాటు పబ్లిసిటీ డిజైనర్‌గా పనిచేసి, ఆ అనుభవాన్నంతా 'సినిమా పోస్టర్' అనే పుస్తకంగా తెలుగులో మిగిల్చారు. ఆ తరం డిజైనర్లకు సినిమా పేరు రాయడమే సగం పని. పౌరాణికానికి ఒక రాత, కుటుంబ కథకు ఒక రాత, హాస్యానికి మరో రాత. పేరు చదివేలోపే సినిమా ఎలాంటిదో ప్రేక్షకుడికి అందేది.

థియేటర్ల ముందు గుడ్డ మీద గళ్లు కొట్టి నిలువెత్తు బొమ్మలు వేసిన బ్యానర్ ఆర్టిస్టుల పని ఫ్లెక్సీ యంత్రం వచ్చాక కొన్నేళ్లలోనే దాదాపు ఆగిపోయింది. కాబట్టి యంత్రం చేతి పనిని పక్కకు నెట్టడం ఈ రంగానికి కొత్త కాదు. ఏఐ కూడా ఆ వరసలో మరొకటే కదా అనేవాళ్లున్నారు. ఒక పెద్ద తేడా ఉంది. రాతి అచ్చు, ఆఫ్‌సెట్, ఫ్లెక్సీ ఇవన్నీ ఎవరో ఒకరు వేసిన బొమ్మకు ప్రతులు తీసే యంత్రాలు. ఈ బొమ్మ ఫలానావారిది అని వేలు పెట్టి చూపించవచ్చు. ఏఐ బొమ్మకు అలాంటి యజమాని కనిపించడు. అది కోట్ల బొమ్మల నుంచి నేర్చుకున్న పోలికల మీద పుట్టింది. హక్కుల తగవు, బాధ్యత తగవు రెండూ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

యంత్రం లోపల ఏం జరుగుతుంది

ఇప్పుడు వాడుకలో ఉన్న బొమ్మల ఏఐలలో చాలావాటికి ఆధారం డిఫ్యూజన్ అనే పద్ధతి. శిక్షణ సమయంలో ఒక బొమ్మ మీద అంచెలంచెలుగా చుక్కల గందరగోళాన్ని కలుపుతూ పోతారు. ప్రతి అంచెలో ఆ గందరగోళం ఎంతో అంచనా కట్టి తీసేయడం యంత్రానికి నేర్పుతారు. నేర్చాక, ఉత్త చుక్కల నుంచి మొదలుపెట్టి, మనం ఇచ్చిన వాక్యం చూపిన దిక్కుగా ఆ చుక్కలను తీసేస్తూ కొత్త బొమ్మను తేలుస్తుంది. వాక్యానికీ బొమ్మకూ లంకె వేయడంలో 2021లో ఓపెన్ఏఐ ప్రకటించిన క్లిప్ అనే ఏఐ నమూనా పెద్ద మలుపు. దాన్ని 40 కోట్ల బొమ్మ-వివరణ జతల మీద తయారు చేశారు. 2022లో విడుదలైన లయాన్-5బి అనే సంకలనంలో అలాంటి జతల లంకెలు 585 కోట్లు.

ఆ సంవత్సరమే ఈ సాంకేతికత జనంలోకి వచ్చింది. ఏప్రిల్‌లో డాల్-ఇ 2, జులైలో మిడ్‌జర్నీ, ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్. మూడోది ఇంటి కంప్యూటర్లో కూడా నడవడానికి కారణం ఒక లెక్క. 512 చుక్కల (పిక్సెళ్ల) చదరపు రంగుల బొమ్మలో 7,86,432 అంకెలుంటాయి. స్టేబుల్ డిఫ్యూజన్ దాన్ని ముందు 16,384 అంకెల సంక్షిప్త రూపానికి కుదించి, పనంతా అక్కడే చేసి, చివర్లో విప్పుతుంది. అంటే మోయాల్సిన బరువు 48 రెట్లు తగ్గింది. 2025 మార్చిలో చాట్‌జీపీటీకి వచ్చిన కొత్త బొమ్మల సదుపాయం, అదే ఏడాది ఆగస్టులో గూగుల్ తెచ్చిన నానో బనానా మరో మెట్టు ఎక్కాయి. మాటల్లో చెబుతూ బొమ్మను దిద్దించుకోవడం ఇప్పుడు తేలిక.

ఈ పద్ధతిలోనే దాని పరిమితి కూడా ఉంది. యంత్రం నేర్చుకున్నది వస్తువు కనిపించే తీరు. అది ఎలా పనిచేస్తుందో నేర్చుకోలేదు. సంగీత సభ పోస్టర్‌కు సరస్వతీ వీణ అడిగితే మెరిసే బొమ్మ వస్తుంది. దగ్గరికెళ్లి చూడాలి. వీణకు వాయించే తంత్రులు నాలుగు, తాళ తంత్రులు మూడు, మెట్లు ఇరవై నాలుగు. ఏఐ వీణలో తీగలు కుండ దగ్గర ఐదుండి బిరడాల దగ్గరికొచ్చేసరికి తొమ్మిది కావచ్చు, మధ్యలో ఒకటి మాయం కావచ్చు. దారిన పోయేవాడికి అది కనిపించకపోవచ్చు. కానీ ఆ సభకు వచ్చేవాళ్లకు మొదట కనిపించేది అదే.

చూసినదే చూపిస్తుంది

2024లో 'సివిల్ వార్' అనే అమెరికన్ సినిమాకు ఏఐతో చేసిన ప్రచార చిత్రాలు విడుదలయ్యాయి. షికాగోలో పక్కపక్కన ఉండే మరీనా సిటీ జంట భవనాలు ఒక పోస్టర్‌లో నదికి చెరో ఒడ్డున నిలబడ్డాయి. మరో దాంట్లో చెరువులో రాక్షసాకారపు హంస తేలుతోంది. ఆ ఊరివాళ్లు ఇట్టే పట్టేశారు. డబ్బూ సిబ్బందీ ఉన్న సంస్థకే ఈ తప్పు జరిగిందంటే, సరిచూసే మనిషి లేకుండా ఈ పనిముట్టును నమ్మడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

మన విషయంలో ఈ బెడద ఇంకా ఎక్కువ. నేర్చుకున్న బొమ్మల్లోనూ వాటి వివరణల్లోనూ ఇంగ్లిష్ ప్రపంచానిదే పైచేయి. 2023 అక్టోబరులో రెస్ట్ ఆఫ్ వరల్డ్ అనే పత్రిక మిడ్‌జర్నీతో మూడు వేల బొమ్మలు చేయించి పరిశీలించింది. భారతీయ వ్యక్తిని చూపమంటే దాదాపు ప్రతిసారీ తలపాగా, గడ్డం ఉన్న వృద్ధుడే వచ్చాడు. బతుకమ్మ అడిగితే గునుగు, తంగేడు వరసలు వరసలుగా పేర్చి శిఖరంలా లేపిన పూల అమరిక రావాలి. తరచు వచ్చేది నేల మీది పూల ముగ్గో, పూలు నింపిన గంపో. కూచిపూడి అడిగితే భరతనాట్యం ఆహార్యం వస్తుంది. బోనం అడిగితే మామూలు నీళ్ల కుండ వస్తుంది, వేపమండలూ పైన దీపమూ ఉండవు. మన పండగను మన పోస్టరే తప్పుగా చూపిస్తే, ఆ తప్పు బొమ్మలు మళ్లీ ఇంటర్నెట్‌లో చేరి రేపటి యంత్రాలకు పాఠాలు అవుతాయి. అందుకే దీన్ని చిన్న పొరపాటుగా వదిలేయకూడదు.

తెలుగు అక్షరం దగ్గర

నా లెక్కలో తెలుగు పోస్టర్‌కు అసలు పరీక్ష ఇదే. డిఫ్యూజన్ యంత్రానికి అక్షరం కూడా ఒక ఆకారమే. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరాన్ని తీసుకోండి. కంప్యూటర్ దృష్టిలో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం గుర్తు, మొత్తం ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో 18 బైట్లు. పేజీ మీదికి వచ్చేసరికి అవన్నీ ఒకే ముద్దగా అమరాలి. గుడి దీర్ఘం నెత్తిన, తవత్తు, రవత్తు కింద. మనం టైపు చేసినప్పుడు ఫాంటులో రాసి ఉన్న నియమాలు ఈ కూర్పును చూసుకుంటాయి. బొమ్మల యంత్రంలో అలాంటి నియమాలేవీ ఉండవు. తెలుగులా కనిపించేదాన్ని గీసేస్తుంది.

ఫలితం తెలిసిందే. ద, ధల మధ్య తేడా ఒక చిన్న గీత. ప, వల మధ్య తేడా తలకట్టు అతికిందా లేదా అన్నది. రక్తదానం పోస్టర్‌లో ఆ చిన్న గీత అదనంగా పడితే మాటే మారిపోతుంది. తాజా యంత్రాలు రెండు మూడు అక్షరాల మాటలను చాలాసార్లు సరిగ్గానే రాస్తున్నాయి. ఆహ్వాన పత్రంలోని నాలుగు వరసలు, వక్తల పేర్లు, వేదిక చిరునామా ఇస్తే మాత్రం ఎక్కడో ఒక వత్తు జారిపోతుంది, ఒక సున్న మింగేస్తుంది. చెడ్డ తెలుగును చూడగానే పట్టేయవచ్చు. సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తూ ఒక్కచోట తప్పే తెలుగు ఇంకా ప్రమాదం, ప్రూఫు చూసేవాడి కన్నుగప్పి గోడెక్కేస్తుంది.

మందు సులువైనదే. యంత్రాన్ని అక్షరం రాయవద్దని చెప్పి, అక్షరాలకు చోటు వదలమని అడగాలి. ఆ చోటులో యూనికోడ్ ఫాంటుతో మనమే కూర్చాలి. సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చొరవతో వచ్చిన ఉచిత ఫాంట్లు ఎవరైనా దింపుకోవచ్చు. పెద్ద శీర్షికకు బరువైన రామభద్ర, చదివే పాఠానికి మండలి, ఇంకా సురవరం, గురజాడ, పెద్దన ఉన్నాయి. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్ల అలవాటు ఇంకా బలంగా ఉంది. ఆ పాఠం యూనికోడ్ కాదు కాబట్టి అటూ ఇటూ మార్చినప్పుడల్లా వత్తులు ఒకసారి సరిచూసుకోవాలి. ఇంకా మంచి మార్గం, పేరును చేత్తో రాయించడం. అక్షరాలు రాసేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు.

అచ్చుకు వెళ్లేముందు

ఫోన్ తెర మీద అదిరిపోయిన బొమ్మ ప్రెస్సులో ఎందుకు తేలిపోతుందో లెక్క చెబుతుంది. చాలా యంత్రాలు ఇచ్చే మామూలు బొమ్మ 1024 చుక్కల చదరం. ఆఫ్‌సెట్ నాణ్యతకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే ఆ బొమ్మ అసలు పరిమాణం మూడున్నర అంగుళాలు కూడా లేదు. 12×18 అంగుళాల పోస్టర్‌కు 3600×5400, దాదాపు 1.94 కోట్ల చుక్కలు కావాలి. మన దగ్గరున్నదానికి ఇది 18 రెట్ల పైమాట. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంగుళానికి 72 చుక్కలున్నా సరిపోతుంది, చేతిలో పట్టుకుని చదివే కరపత్రానికి సరిపోదు. బొమ్మను పెద్దది చేసే ఏఐ సాధనాలున్నాయి. అవి లేని వివరాలను ఊహించి నింపుతాయి కాబట్టి చెట్ల ఆకులకు పర్వాలేదు, తెలిసిన మనిషి ముఖానికి వాడితే పోలిక చెడుతుంది. తెర కాంతి రంగులన్నీ నాలుగు రంగుల సిరాలో పలకవు. ముఖ్యంగా మెరిసే ఆకుపచ్చ, నీలాలు చచ్చుబడతాయి. ముందే సీఎంవైకేలోకి మార్చి చూసుకోవాలి. కత్తిరింపుకు నాలుగు వైపులా మూడు మిల్లీమీటర్లు వదలాలి.

గ్రంథాలయ వారోత్సవాల పోస్టర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. నవంబరు 14 నుంచి 20 దాకా శాఖా గ్రంథాలయాల్లో జరిగేవి. 'గ్రంథాలయంలో చదువుకుంటున్న అమ్మాయి' అని ఇంగ్లిష్‌లో అడిగితే సాధారణంగా వచ్చేది ఐరోపా భవనం. ఎత్తైన చెక్క అరలు, నిచ్చెనలు, తోలు అట్టల పుస్తకాలు, వేలాడే దీపాలు. మన గ్రంథాలయం అది కాదు. ఇనుప బీరువాలు, పొడవాటి బల్ల, దాని మీద మడతలు విప్పిన దినపత్రికలు, సీలింగ్ ఫ్యాను, కిటికీలోంచి పడే మధ్యాహ్నపు ఎండ, ఇవన్నీ విడివిడిగా చెప్పాలి. అమ్మాయి వయసు, జడ, స్కూలు యూనిఫాం చెప్పాలి. పై మూడో వంతు ఖాళీ గోడగా వదలమనాలి, శీర్షిక అక్కడికి వస్తుంది. ఇంకా మంచి పద్ధతి, ముందు పెన్సిల్‌తో చిత్తు గీసి యంత్రానికి ఇవ్వడం. 2023లో వచ్చిన కంట్రోల్‌నెట్ వంటి సాధనాలు మన గీతల అమరికను నిలిపి ఉంచుతూ రంగులు నింపుతాయి. అప్పుడు కూర్పు మనిషిది, పూత యంత్రానిది అవుతుంది. చిత్తు గీయగల మనిషికీ, గీయలేని మనిషికీ ఈ యంత్రం ఇచ్చే ఫలితం ఒకటి కాదు. చెయ్యి తిరిగినవాడి విలువ ఇక్కడ ఏమీ తగ్గలేదు.

హక్కులు, ముద్రలు

మొదటిది కర్త ఎవరన్న తగవు. అమెరికాలో 2022లో కొలరాడో రాష్ట్ర ప్రదర్శనలో మిడ్‌జర్నీతో చేసిన చిత్రానికి డిజిటల్ విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది అదే చిత్రానికి అక్కడి కాపీరైట్ కార్యాలయం హక్కు నమోదును నిరాకరించింది. ఉత్త ప్రాంప్ట్ రాయడం రచయితను చేయదన్నది 2025 జనవరి నివేదికలో ఆ కార్యాలయం మాట. మన 1957 కాపీరైట్ చట్టం, కంప్యూటర్‌తో తయారైన కృతికి దాన్ని తయారు చేయించిన వ్యక్తే కర్త అంటుంది. అది 1994 సవరణలో చేరిన మాట, అప్పటికి ఈ యంత్రాలు లేవు. ఏఐ బొమ్మకు ఆ నిర్వచనం ఎంతవరకు సరిపోతుందో మన కోర్టులు ఇంకా తేల్చలేదు. కాబట్టి సంస్థ గుర్తుగా నాలుగు కాలాలు నిలవాల్సిన బొమ్మను ఏఐతో చేయించుకోవడం తెలివైన పని కాదు.

రెండోది శైలి తగవు. పోలెండ్ చిత్రకారుడు గ్రెగ్ రుట్కోవ్‌స్కీ పేరును ప్రాంప్టుల్లో వేల సార్లు వాడారు. ఆయనను అడిగినవాళ్లు లేరు. మన దగ్గర 'బాపు బొమ్మలా', 'వపా బొమ్మలా' అని అడగడం అలవాటవుతోంది. చిత్రకారుడు పోయిన తరవాత కూడా అరవై ఏళ్లు ఆయన చిత్రాల మీద హక్కు ఉంటుంది. బాపు పోయింది 2014లో, వడ్డాది పాపయ్య 1992లో. చట్టం శైలికి కంచె వేయదు, నిజమే. అయినా ఒకరి జీవితకాలపు సాధనను పేరు పెట్టి పిలిచి, నమూనాగా వాడుకుని, ఆ పేరు మాత్రం పోస్టర్ మీద వేయకపోవడం న్యాయం కాదు. బతికున్న చిత్రకారుడి విషయంలో అయితే అది నేరుగా అతని పనిని లాక్కోవడమే.

మూడోది ముఖాలు. 2025 సెప్టెంబరులో నాగార్జున ముఖాన్నీ పేరునూ అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకోకుండా ఢిల్లీ హైకోర్టు రక్షణ ఇచ్చింది. ఏఐ నకళ్లకూ అది వర్తిస్తుంది. చిరంజీవికి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు అలాంటి ఉత్తర్వే ఇచ్చింది. దుకాణం ప్రారంభోత్సవ ఫ్లెక్సీ మీద హీరోను ఏఐతో నిలబెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇక ముద్రల సంగతి. ఎన్నికల ప్రచారంలో ఏఐతో చేసినవాటికి ఏఐ అన్న ముద్ర వేయాలని ఎన్నికల సంఘం 2025 జనవరిలో పార్టీలకు సూచించింది.

పొట్టకూటి మాట

చిన్న ఊరి డిజైనర్‌కు పోస్టర్ పనే బతుకుతెరువు. బొమ్మ ఉచితంగా వస్తుంటే నీకెందుకు ఇంత ఇవ్వాలి అని అడిగేవాళ్లు ఎక్కువవుతున్నారు. ఆ ప్రశ్నలోనే తప్పుంది. అక్షరాలు సరిచూడటం, చిరునామా తేదీలు తప్పు పోకుండా కూర్చడం, దూరం నుంచి ఏది ముందు కనపడాలో తేల్చడం, ప్రెస్సులో రంగు సరిపెట్టడం, ఇవేవీ యంత్రం చేయడం లేదు. పైగా యంత్రం ఇచ్చిన పాతిక బొమ్మల్లో ఏది నిజానికి దగ్గరో ఎంచడం అదనంగా వచ్చిన పని. ఇన్నాళ్లూ బొమ్మకు ఇచ్చే డబ్బులో కలిసిపోయిన ఈ పనులకు ఇకనుంచి విడిగా ధర కట్టి ఇవ్వాలి.

అలాగని ఏఐని గుమ్మంలోకి రానివ్వకూడదనీ అనను. మారుమూల బడిలో సైన్సు ప్రదర్శనకు పోస్టర్ కావాలనుకున్న టీచర్‌కు, పైసా లేని నాటక బృందానికి అది నిజమైన సాయం. అక్కడ ఎవరి కూలీ పోవడం లేదు, అసలు పోస్టరే ఉండేది కాదు. చెల్లించగల సంస్థలు, పార్టీలు, దుకాణాలు, నిర్మాతలు కూడా అదే వంకతో చిత్రకారుణ్ణి పక్కన పెట్టడాన్నే నేను వ్యతిరేకిస్తున్నాను. చెల్లించగలిగినచోట చిత్రకారుణ్ణి పిలవాలి. పిలిచాక ఏఐని వాడాలా వద్దా అన్నది అతని ఇష్టం.

చేయాల్సిన మరో పనికి మన చట్టంలోనే నమూనా ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షను ప్రకారం ఎన్నికల పోస్టర్ల మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరూ చిరునామా ఉండి తీరాలి. గోడ మీద మాట అన్నవాడు ఆ మాటకు కట్టుబడాలన్నది దాని వెనకున్న ఆలోచన. సాహిత్య సభలూ, ఉత్సవ కమిటీలూ, సినిమా నిర్మాతలూ ఈ పద్ధతిని తమంతట తామే పాటించవచ్చు. పోస్టర్ కింద ఒక్క వరస చాలు: డిజైన్ ఎవరిది, అక్షరాలు ఎవరివి, బొమ్మ ఎవరు వేశారు, ఏఐతో చేసిందైతే ఆ మాట. తప్పు దొర్లితే అడగడానికి ఒక పేరు ఉంటుంది, బాగుంటే మెచ్చుకోవడానికీ ఒక పేరు ఉంటుంది. ఆ వరసలో తన పేరు ఉంటుందని తెలిసినవాడు వీణకు తీగలు లెక్కపెట్టకుండా, వత్తులు సరిచూడకుండా పోస్టర్‌ను ప్రెస్సుకు పంపడు.